తాళాలక్క, వదలని డిస్కు

మా తోడికోడలి నడుముకి పంతొమ్మిది తాళంచెవులు వేలాడుతుంటాయి. వాటిలో ఎనిమిదింటికి అసలు తాళాలే లేవు. ఆ తలుపులు ఎప్పుడో మారిపోయాయి. "పడెయ్యొచ్చు కదక్కా" అంటే, "ఉండనీవే, అవేమన్నా అన్నం అడుగుతున్నాయా" అంటుంది. అందుకే మేం పనిచేసే చోట అందరూ ఆవిణ్ణి తాళాలక్క అంటారు. ఆవిడ మా బావగారి భార్య. మా ఇద్దరి వంటిల్లూ ఒకటే, ఆఫీసూ ఒకటే. తోడికోడళ్లు రెండుచోట్లా పదకొండేళ్లుగా జుట్లు పట్టుకోకుండా నెగ్గుకొస్తున్నారంటే నమ్మనివాళ్లు చాలామంది ఉన్నారు. నమ్మకపోతే పోనివ్వండి, వాళ్ల ఖర్మ.

మాది చూపులేని పిల్లలకి పాఠాలు చదివి రికార్డు చేసి పంపే ఆఫీసు. అచ్చాఫీసు మేడమీద మూడు గదులు. రెండు గదుల గోడలకి పాత దుప్పట్లు, వాటిమీద గుడ్ల అట్టలు కొట్టి ఉంటాయి. తలుపు వేస్తే లోపలి కేక బయటికి రాదు. మూడో గదిలో కంప్యూటరు, ఇనప బీరువా, మాస్టారి కుర్చీ. నేను చదువుతాను, అక్క రికార్డు చేస్తుంది, మాస్టారు విని తప్పులు పడతారు. ఆయన తప్పు పట్టుకుంటే పలక మీద రాసి చూపిస్తారు. ఆయనకి మాట లేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను, చెప్పక తప్పదు కూడా.

అక్క ఇక్కడ చేరింది గదుల తాళాలు తీయడానికి, వేయడానికి. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి, రికార్డింగు ఇక్కడే నేర్చుకుంది. రికార్డింగు మొదలవగానే తాళాలగుత్తిని తీసి ఒక ఉన్ని మేజోడులో దూరుస్తుంది, గలగలలు మైకులో పడకుండా. మొదటి సంవత్సరం ఆ మేజోడు ఆలోచన రాలేదు. ఆనాటి పాఠాల్లో ఏ రాజు పట్టాభిషేకం జరిగినా వెనకాల తాళాలు గలగలమంటాయి.

ఆ మొదటి సంవత్సరమే నన్ను లోపల పెట్టి తాళం వేసింది. నేనప్పుడు కొత్త కోడల్ని. చివరి గదిలో కూర్చుని చదువుకుంటున్నాను. ఈవిడ బయటినుంచి గొళ్లెం పెట్టి, తాళం వేసి, కూరగాయలు కొనుక్కుని చక్కా ఇంటికి పోయింది. రెండు గంటలు గొంతు చించుకున్నాను. గుడ్ల అట్టలు విన్నాయంతే. ఇంట్లో మా ఆయన "మా ఆవిడేది" అని అడిగాక ఈవిడకి గుండె ఆగినంత పనైంది. పరిగెత్తుకొచ్చి తలుపు తీసి, నన్ను చూసి, ఏడుస్తూనే, "అరవొచ్చు కదే" అంది.

అప్పట్నుంచి ఒక అలవాటు పెట్టుకుంది. ఏ గదికి తాళం వేసినా ముందు తలుపు బార్లా తెరిచి, గడప బయట నిలబడి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు అడుగుతుంది. బీరువాని కూడా అడుగుతుంది. మేం నవ్వుతాం. ఆవిడ నవ్వదు.

ఇక చెప్పాల్సిన సంగతి. నాలుగేళ్ల కిందట మాస్టారు ఒక పుస్తకం మొత్తం చదివారు. నలభై ఒక్క పాఠాలు. ఆయన గొంతు వింటే పిల్లలు అన్నం మానేసి కూర్చునేవారట. కంప్యూటరులో చోటు చాలక ఆ పాఠాలన్నీ అరచేయంత నల్లటి డిస్కు ఒక్కదాంట్లోనే పెట్టాం. పంపేరోజు వ్యాను కింద హారన్ కొడుతోంది. డిస్కు తీయబోతే కంప్యూటరు ఒప్పుకోలేదు. డిస్కు పనిలో ఉందని, ఇప్పుడు తీయొద్దని తెరమీద అక్షరాలు. అక్క నావైపు చూసింది. నాకేమో ఇంట్లో పని, కింద హారను, నెత్తిన ఎండ. "పీకెయ్యక్కా, ఏం కాదు" అన్నాను.

పీకేసింది.

నలభై ఒక్క పాఠాల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. బాగుచేసేవాళ్ల దగ్గరికి రెండు ఊళ్లు తిరిగాం. మళ్లీ చదువుతానన్నారు మాస్టారు, పెద్దమనసుతో. ఆ నెలాఖరులోనే గొంతులో గడ్డ అని తేలింది, ఆపరేషన్ చేశారు, మాట పోయింది. డిస్కు ఎవరు పీకారని పైవాళ్లు అడిగితే అక్క "నేనే" అంది. ఎవరు పీకమన్నారని వాళ్లు అడగలేదు. నేను చెప్పలేదు. నోట్లో నాలుక ఉన్న మనిషినే, ఆ ఒక్క మాట మాత్రం రాలేదు.

దాని తర్వాత తాళాలక్క కంప్యూటరు నేర్చుకుంది. మా కంప్యూటరు చూసుకునే ఆయన ఉద్యోగం మానేసి వెళ్తూ ఒక నోటుపుస్తకం వదిలి వెళ్లాడు, అందులో తెరమీద నల్లకిటికీ తెరిచి టైపు చేయాల్సిన ఆదేశాలు ఉన్నాయి. ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ, బీన్స్ తరుగుతూ నాకు అప్పజెప్పేది. డిస్కుని ఎవరు పట్టుకున్నారో అడిగే ఆదేశం ఒకటుంది. అది కొడితే డిస్కులో పని పెట్టుకున్న ప్రోగ్రాముల పేర్లు, పక్కన వాటి నంబర్లు వరసగా వస్తాయి. ఆ నంబరు చెప్పి ఆ ప్రోగ్రాముని ఆపమనొచ్చు. మర్యాదగా ఆపడం ఒకటుంది, బలవంతంగా ఆపడం ఒకటుంది.

"ఇది మన గదుల్లాంటిదే కదే" అంది ఒకరోజు, కత్తిపీట పక్కన పెట్టి. ముఖం వెలిగిపోతోంది. "డిస్కు ఒక గది. లోపల ఎవరో ఒకరు పని చేసుకుంటున్నారు. మనం చూడకుండా తలుపు పీకేశాం."

ప్రోగ్రాములకి పేర్లు కూడా ఆవిడే పెట్టుకుంది. పాఠాలు వినిపించేది పాటగాడు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఫైళ్లు మోసేది హమాలీ. ఎవరూ పిలవకుండానే వచ్చి ఏ ఫైలు ఎక్కడుందో రాసుకుంటూ తిరిగే ప్రోగ్రాము ఒకటుంది, దానిపేరు ఆరాలమ్మ. "ఎవరింట్లో ఏం కూరో దానికి కావాలి" అనేది. ఆవిడ సూత్రం ఒక్కటే, బీరువా తలుపుకి అంటించి ఉంటుంది, అక్షరదోషాలతో సహా: ముందు చెప్పి చూడు, వినకపోతే మెడపట్టి గెంటు, చేతిలో మూట ఉన్నవాణ్ణి మాత్రం గెంటకు.

మొన్న శనివారం మధ్యాహ్నం ఈ చదువంతటికీ పరీక్ష వచ్చింది.

నలభై మైళ్ల అవతల ఆడపిల్లల హాస్టలు. పన్నెండుమందికి సోమవారం పొద్దున సాంఘికశాస్త్రం పరీక్ష. చివరి మూడు పాఠాలు పుస్తకాలు ఆలస్యంగా రావడం వల్ల ఆరోజు పొద్దునే చదివాను. ఏడాది పాఠాలన్నీ ఒకే డిస్కులో ఉన్నాయి, ఈ మూడూ దాంట్లోకే ఎక్కాలి. అక్కడ నెట్ వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు, అటునుంచి ఆశ లేదు. దారిలో వంతెన మరమ్మతు, అయిదింటికి మూసేస్తే మళ్లీ సోమవారం మధ్యాహ్నమే తీస్తారు. వ్యాను నాలుగింటికల్లా కదిలి తీరాలి. డిస్కు చెడితే పిల్లల చేతిలో ఈ మూడు పాఠాలే కాదు, ఏడాదిలో ఒక్క పాఠమూ ఉండదు.

మూడూ ఇరవైకి అక్క డిస్కు తీయమని ఆదేశం కొట్టింది. తెరమీద మళ్లీ అదే మాట. డిస్కు పనిలో ఉంది.

నేను గడియారం చూశాను. ఆవిడ మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుని, మేజోడులో ఉన్న తాళాలగుత్తిని ఒళ్లో పెట్టుకుంది.

"ఎవర్రా లోపల" అని ఆదేశం కొట్టింది. నాలుగు పేర్లు వచ్చాయి. పాటగాడు, ఆరాలమ్మ, హమాలీ, చివర్న ఏదో నాలుగక్షరాల పొట్టి పేరు.

"పాటగాడు ఎందుకున్నాడే?"

నేను నాలుక కరుచుకున్నాను. పొద్దున నా గొంతు నేనే విని మురిసిపోయి, కిటికీ మూయకుండా కిందికి దించి వదిలేశాను. మూసేశాను. ఒకడు పోయాడు.

ఆరాలమ్మకి మర్యాదగా చెప్పింది. వెళ్లిపోయింది. మళ్లీ జాబితా అడిగితే కొత్త నంబరుతో ఆరాలమ్మ ప్రత్యక్షం. మళ్లీ ఆపింది, మళ్లీ వచ్చింది. కింద హారన్ మొదలైంది. మాస్టారు కుర్చీలోంచి లేచి మా వెనక నిలబడ్డారు.

"దీన్ని పంపించేది ఇంకెవరో ఉన్నారు" అంది అక్క నోటుపుస్తకం తిరగేస్తూ. "గుమ్మంలో నిలబడ్డదాన్ని తిడితే ఏం లాభం, ఇంట్లోంచి తోలేవాళ్లని పట్టుకోవాలి." వేలు ఒకచోట ఆగింది. ఆరాలమ్మని తిరిగి తిరిగి లేపే ఒక పెద్దమనిషి ప్రోగ్రాము పేరు అక్కడ రాసి ఉంది. ముందు ఆయన్ని ఆపింది, తర్వాత ఆవిణ్ణి. జాబితా అడిగింది. ఆరాలమ్మ లేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, సిగ్గుపడకుండా కొట్టేశాను.

హమాలీ మిగిలాడు. చివరి పాఠాన్ని ఇంకా డిస్కులోకి మోస్తున్నాడు. ఇంతసేపూ ఆరాలమ్మ అడ్డం తిరగడంతో వాడి పని నత్తనడకైంది. ఇప్పుడు దారి దొరికి అంకెలు చకచకా కదులుతున్నాయి. నూటికి అరవై. అరవై నాలుగు.

వ్యాను డ్రైవరు మెట్లు ఎక్కొచ్చాడు, చేతిలో తాళంచెవి ఊపుతూ. "ఏంటమ్మా ఇది, వంతెన మూసేస్తారు. ఆ డబ్బా ఇటివ్వండి, పోతా."

"పని అవ్వనీ తమ్ముడూ."

"అయ్యేదాకా కూర్చుంటే తెల్లారుతుంది. పీకెయ్యండమ్మా, ఏం కాదు."

నాలుగేళ్ల కిందట నా నోటినుంచి వచ్చిన మాట, అక్షరం పొల్లుపోకుండా ఇంకొకళ్ల నోటినుంచి విన్నాను. చెయ్యి కూడా చాపాడు. నేను ఎప్పుడు కదిలానో నాకే తెలీదు, డిస్కుకీ ఆయనకీ మధ్య నిలబడి ఉన్నాను.

"చెయ్యి పెట్టావంటే విరగ్గొడతాను" అన్నాను.

డ్రైవరు బిత్తరపోయాడు. పాపం మంచివాడే, నాకంటే రెండింతలుంటాడు. "ఈవిడకేమైంది" అని అక్కని అడిగాడు. అక్క తలెత్తలేదు. "దాని జోలికి పోకు, అన్నంత పనీ చేస్తుంది" అంది, "వెళ్లి బండి తిప్పి పెట్టుకో. నాలుగవకుండా కిందికొస్తాను."

ఆయన వెళ్లాడు. తొంభై. తొంభై ఏడు. హమాలీ మూట దించేసి తనంతట తనే వెళ్లిపోయాడు. మూడూ నలభై రెండు.

అక్క డిస్కు తీయమంది. కంప్యూటరు అదే పాట పాడింది. డిస్కు పనిలో ఉంది.

జాబితాలో ఒక్కటే పేరు. మొదట్నుంచీ అడుగున కూర్చున్న ఆ నాలుగక్షరాల పొట్టివాడు. నోటుపుస్తకంలో వాడి సంగతి లేదు. మర్యాదగా చెబితే వినలేదు, వాడే, అదే నంబరుతో, కదలకుండా కూర్చున్నాడు.

"గెంటెయ్యక్కా" అన్నాను, అని వెంటనే నోరు మూసుకున్నాను.

"వాడి చేతిలో ఏముందో తెలీకుండా ఎలా గెంటనే."

మూడూ నలభై ఆరు. మాస్టారు పలక తీసి ఏదో రాయబోయి చెరిపేశారు. ఆయనకీ తెలీదు. అక్క చెమట తుడుచుకుని లేచింది. తాళాలగుత్తిని మేజోడులోంచి తీసి, ఏం చేయాలో తోచక, రోజూ సాయంత్రం చేసే పనే చేసింది. గదిలోంచి నడిచి, గడప దాటి, బయట నిలబడి, వెనక్కి తిరిగింది.

"లోపల ఎవరైనా..." అని ఆగిపోయింది.

నేను ఆవిణ్ణి చూస్తున్నాను. ఆవిడ కళ్లు ఇంతింతయ్యాయి.

"ఒసేయ్. నేనే."

"ఏంటక్కా?"

"లోపల ఉన్నది నేనేనే." తాళాలు గలగలమంటూ పరిగెత్తుకొచ్చింది. "పొద్దున పాఠాలు సరిచూద్దామని ఈ నల్లకిటికీతో డిస్కు లోపలికి నడిచాను. మళ్లీ బయటికి రాలేదు. లోపల నిలబడే వాణ్ణి పో, దాన్ని పో అని అందర్నీ తోలుతున్నాను. ఆ పొట్టివాడు ఈ నల్లకిటికీయే. గడప లోపల నిలబడి తలుపుకి తాళం ఎలా వేస్తారే ఎవరైనా?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే. పదకొండేళ్లు గడప బయట నిలబడి అడిగిన మనిషి, ఆ ఒక్కరోజు గడప దాటడం మర్చిపోయింది.

డిస్కులోంచి బయటికి రావడానికి రెండక్షరాల ఆదేశం. కొట్టింది. మళ్లీ జాబితా అడిగింది. ఒక్క పేరూ రాలేదు. నాకు తెలిసి ఖాళీ తెర చూసి అంత సంతోషపడినవాళ్లు ఇంకెవరూ ఉండరు. డిస్కు తీయమంది. ఈసారి కంప్యూటరు కిక్కురుమనలేదు, డిస్కు మీది చిన్న దీపం రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. అక్క రెండు వేళ్లతో తీగ లాగి, డిస్కుని స్పాంజి వేసిన రేకు డబ్బాలో పెట్టి, మెట్లు రెండేసి చొప్పున దిగింది. ఆ మోకాళ్లకి అన్ని మెట్లు దిగే శక్తి ఎక్కణ్నుంచి వచ్చిందో. వ్యాను కదిలేసరికి మూడూ యాభై మూడు.

అయిదూ ముప్పావుకి హాస్టలు వార్డెనమ్మ ఫోను చేసింది. వ్యాను వంతెన మూయడానికి ఏడు నిమిషాల ముందు దాటిందట. డిస్కు తెరుచుకుంది, అన్ని పాఠాలూ ఉన్నాయి. వెనకాల నా గొంతే వినిపిస్తోంది, ఎవరో పిల్ల "కాస్త ఊరుకోండే, వినపడట్లేదు" అంటోంది. అక్క ఫోనుని నా చెవి దగ్గర పెట్టి, తను గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. తర్వాత గదులు సర్దడానికి వెళ్లింది.

నేనూ మాస్టారూ మిగిలాం. సంతోషం కట్టలు తెంచుకుంటే నోరు ఆగదు కాబోలు.

"మాస్టారూ, మీ పాఠాలు పోయిన రోజు డిస్కు పీకమన్నది నేను. అక్క కాదు. నాలుగేళ్లుగా మీ ఎదురుగా కూర్చుని చదువుతున్నాను, చెప్పలేకపోయాను."

ఆయన పలక తీసుకున్నారు. సుద్దముక్క టకటకలాడింది. నావైపు తిప్పారు.

"తెలుసు. ఆరోజు పక్కగదిలో తలుపు తీసుకునే కూర్చున్నాను. నీది మరీ అంత నంగి గొంతేం కాదుగా."

ఆయన పలక తుడిచి మళ్లీ రాశారు.

"నీతో అనొద్దంది మీ అక్క. తెలిస్తే సిగ్గుతో చదవడం మానేస్తావంది. ఒక గొంతు పోయింది చాలు, రెండోది కూడా పోగొట్టుకోలేమంది."

ఆయన చెరపబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఒకే పొయ్యి దగ్గర నిలబడి నాలుగేళ్లు, ఉప్పు ఎక్కువైందని, గిన్నె మాడిందని నన్ను రోజూ సాధించిన మనిషి, ఈ ఒక్కదాని గురించి ఒక్క మాట అనలేదు.

వసారాలో తాళాలు గలగలమన్నాయి. మొదటి గదికి వేసింది, రెండో గదికి వేసింది. మా గది తలుపు బార్లా తెరిచి, గడప బయట నిలబడింది. ఎదురుగా మేమిద్దరం కనిపిస్తూనే ఉన్నాం. అయినా అడిగింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నానక్కా" అన్నాను. "వస్తున్నా, ఆగు."

మాస్టారు పలకని ముఖం లోపలికి తిప్పి చంకలో పెట్టుకున్నారు. ముగ్గురం బయటికొచ్చాక ఆవిడ తాళం వేసి, రెండుసార్లు లాగి చూసింది.